కొప్పులో టెస్టరు

నిన్న సాయంత్రం దండెం మీద పెద్దదాని యూనిఫాం ఆరేస్తుంటే చేతికి చీమలు పాకాయి.

మొదట అలాగే అనిపించింది. వేళ్ళ చివర్ల నుంచి మణికట్టు దాకా, చర్మం కింద, వరసగా. తడి గౌను తీగ మీద వేసి అంచులు సరిచేస్తున్నాను. చీమలైతే దులుపుకుందామని చెయ్యి చూసుకున్నాను. చీమల్లేవు. తల ఎత్తితే స్నానాలగదికీ పెరటికీ కలిపి గోడ మీదున్న బల్బు కనిపించింది. రోజూ పచ్చగా వెలిగేది, నిన్న మాత్రం, కాల్చి పారేసిన బీడీ ముక్కలా ఎర్రగా, వెలగనా వద్దా అన్నట్టుంది. ఆ బల్బునీ నా చేతినీ ఒకేసారి చూసిన ఆ క్షణంలో అది కరెంటని అర్థమైంది. అమ్మో అని అరిచాను.

అరిచి చెయ్యి తీసేశాను. నాకేమీ కాలేదు. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి. అసలు సంగతి ఆ తర్వాతది. నా కేక విని, నాలుగేళ్ళ మా చిన్నవాడు స్నానాలగదిలోంచి, ఒంటి మీద నూలుపోగు లేకుండా, నీళ్ళోడుతూ, వట్టి కాళ్ళతో నా వైపు పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులూ చాపి, నన్ను పట్టుకోవడానికి. నా కేక వాణ్ణి ఆపలేదు, పిలిచింది. నేను తీగ వదిలి రెండడుగులు వెనక్కి వేశాక వాడు నా నడుముకి చుట్టుకున్నాడు. ముందు నేను వదలడం, తర్వాత వాడు అంటుకోవడం. ఈ వరస తారుమారైతే అనే ఆలోచన నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు.

లోపలున్న పెద్దదాన్ని బాత్రూము స్విచ్చు ఆపమన్నాను. మూడో తరగతి చదివే పిల్ల, తమ్ముడికి నీళ్ళు పోసే ఉద్యోగంలో చాలా కచ్చితంగా ఉంటుంది. వాడి వీపున ఇంకా సబ్బు ఉందనీ, చీకట్లో ఎలా కడగాలనీ అడిగింది. రెండోసారి నేను అన్న తీరుకి మాట్లాడకుండా ఆపేసింది.

అప్పుడు ఆ పెరట్లో నిలబడి నేను తలుచుకున్నది దేవుణ్ణి కాదు, మా ఆయన్ని కాదు. పదో తరగతిలో నాకు ఫిజిక్సు చెప్పిన మేడంని.

ఆవిడ కొప్పులో టెస్టరు ఉండేది. కరెంటు వాళ్ళ చేతిలో ఉంటుందే, స్క్రూడ్రైవరులా, కరెంటున్నచోట ఆనిస్తే లోపల చిన్న ఎర్రదీపం వెలిగేది, అది. నల్లటి జుట్టులో పసుపు పిడి. దూరం నుంచి చూస్తే చామంతి పువ్వు పెట్టుకున్నారనుకునేవాళ్ళం. మొదటిరోజు క్లాసులో ఎవరో కిసుక్కుమంటే ఆవిడ కోప్పడలేదు. మగ మాస్టార్లకి చొక్కా జేబుంది, చీరకేదీ అన్నారు. అని, దాన్ని కొప్పులోంచి లాగి, నల్లబల్ల పక్క ప్లగ్గులో పెట్టి, ఎర్రదీపం మాకు చూపించి, మళ్ళీ కొప్పులో గుచ్చుకున్నారు. గుచ్చడానికి అద్దం అక్కర్లేదు. ఎన్నేళ్ళ అలవాటో.

జగ్గయ్యపేట నుంచి నందిగామకి రోజూ హైవే బస్సులో వచ్చేవారు. పొట్టి మనిషి. పైన కమ్మీ అందక, ఎవరి సీటు అంచో పట్టుకుని నిలబడి వచ్చేవారట. కొత్త ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగకముందు మెయిన్ స్విచ్చు ఎక్కడుందో చూసేవారని చెప్పుకునేవాళ్ళు. పెళ్ళి చూపులకి వెళ్ళినప్పుడు కూడా చూశారని మా సీనియర్లు కల్పించారు. నమ్మదగ్గ కల్పనే.

పేర్లు మాత్రం ఆవిడకి గుర్తుండేవి కావు. సూత్రాలు గుర్తుండేవి, బస్సు టైములు గుర్తుండేవి, ఏ అమ్మాయి ఏ ఊరి నుంచి వస్తుందో గుర్తుండేది. అందుకని మమ్మల్ని ఊళ్ళ పేర్లతో పిలిచేవారు. నేను చందర్లపాడు. నా పక్క పిల్ల పెనుగంచిప్రోలు. నందిగామ వాళ్ళు మరీ ఎక్కువమంది కాబట్టి వాళ్ళని వీధుల పేర్లతో పిలిచేవారు. ఆఖరి బెంచీలో గోడకి ఆనుకుని నిద్రపోయే పిల్ల కంచికచర్ల. "కంచికచర్ల పడుకుంది, ఎవరైనా లేపండమ్మా" అనేది మా హాజరులో భాగం. కొత్తగా వచ్చినవాళ్ళు వింటే ఊరికి ఊరే నిద్రపోయిందనుకునేవాళ్ళు.

నిరోధం పాఠం మాకు మజ్జిగతో మొదలైంది.

ఇంటి నుంచి స్టీలు క్యాను నిండా మజ్జిగ తెచ్చారు, ఉప్పూ కరివేపాకూ వేసి. దానితోపాటు ఒక బొప్పాయి కాడ, గుప్పెడు జ్యూసు ప్యాకెట్ల స్ట్రాలు. పెనుగంచిప్రోలుకి బొప్పాయి కాడ, నాకు సన్నటి స్ట్రా ఇచ్చి, ఇద్దర్నీ ఒక్కసారే తాగమన్నారు. అది గుటకలేస్తుంటే నా బుగ్గలు లోపలికి పోయాయి. పీల్చే బలం వోల్టేజీ. నోట్లోకి వచ్చే మజ్జిగ కరెంటు. స్ట్రా సన్నదనం నిరోధం. నోటుపుస్తకం తెరవకుండానే ఓమ్ నియమం మా గొంతు దిగింది. తర్వాత రెండు స్ట్రాలు ఒకదానికొకటి తగిలించి పొడుగ్గా చేసి తాగించారు. ఊపిరి అందలేదు. అవే రెండు స్ట్రాలు పక్కపక్కన నోట్లో పెట్టించారు. హాయిగా వచ్చింది. శ్రేణి, సమాంతరం ఏమిటో తర్వాత పరీక్షలో ఎవరూ తప్పు రాయలేదు.

చివర్లో కంచికచర్ల వంతు వచ్చింది. అది స్ట్రా పక్కన పెట్టి, గ్లాసెత్తి, గటగటా తాగేసింది. క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. చాలా సంతోషించారు. దాని భుజం మీద చెయ్యేసి మా వైపు తిప్పి, "చూశారా, షార్ట్ సర్క్యూట్ అంటే ఇదే. అడ్డం లేని దారి దొరికితే కరెంటూ ఇట్టాగే చేస్తది" అన్నారు. ఆ పిల్ల ఆ సంవత్సరమంతా తనేదో కనిపెట్టినట్టు తిరిగింది.

కరెంటు గురించి ఆవిడ ఎప్పుడూ ఇంటికెళ్ళే తొందరలో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు చెప్పేవారు. దానికి మన మీద పగ లేదు. బయల్దేరిన చోటికి తిరిగి వెళ్ళడమే దాని ధ్యాస. దారిలో వైరుంటే వైరులోంచి పోతుంది, నువ్వుంటే నీలోంచి పోతుంది. ఇంటికెళ్ళేవాడికి దారి చూపించకపోతే తప్పు వాడిది కాదు, వైరింగు చేసినవాడిది.

ఇంకోరోజు మీటరు తెచ్చారు. రెండు కొసలూ రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంటే మన ఒంటి నిరోధం చూపిస్తుంది. మేం వరసలో నిలబడ్డాం. ఒక్కొక్కళ్ళ అంకె నల్లబల్ల మీద ఊరి పేరు పక్కన రాస్తున్నారు. రాయడం మొదలుపెట్టగానే అది మార్కుల జాబితా అయిపోయింది. నాదెక్కువంటే నాదెక్కువ. ఇంట్లో అంట్లు తోమీ పత్తి తీసీ చేతులు కాయలు కాసిన పిల్లలు అందరికన్నా పైన ఉన్నారు. వాళ్ళకి అంతవరకూ ఏ జాబితాలోనూ పైన చోటు దొరకలేదు, అందుకని బెంచీలెక్కి మరీ చూసుకున్నారు. నేను అందరికన్నా అడుగున ఉన్నాను.

నా చేతులకి ఎప్పుడూ చెమటే. పరీక్షలో కాగితం తడిసేది. అడుగున నా ఊరి పేరు చూసి నాకు ఏడుపొచ్చింది. మేడం నన్ను పిలిచి చేతులు తిప్పి చూశారు.

"దేనికి భయం నీకు?"

నాకు తెలియదన్నాను. అన్నిటికీ అన్నాను.

"భయపడితే చెమట పడుతుంది. చెమట పడితే నిరోధం పడిపోద్ది. నిరోధం పడిపోతే నిజంగానే భయపడాల్సి వస్తది." తన కొంగుతో నా అరచేతులు రెండూ తుడిచారు. "భయపడొద్దని చెప్పను. చేతులు తుడుచుకుని భయపడు."

మళ్ళీ మీటరు పట్టుకుంటే నాలుగు ఊళ్ళు దాటి పైకి వెళ్ళాను.

ఈ మాట నేను ఎన్నిచోట్ల వాడుకున్నానో ఆవిడకి తెలియదు. డిగ్రీ పరీక్షల్లో, పెళ్ళి పీటల మీద, కాన్పు గదిలో చేతులు తుడుచుకున్నాను. భయం తగ్గలేదు. పిల్లలు పుట్టాక ఇంకా పెరిగింది. ద్రాక్షపళ్ళు నాలుగు ముక్కలుగా కోసి పెడతాను. బస్సులో వాళ్ళ చొక్కా అంచు నా చేతికి మెలివేసుకుంటాను. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద యంత్రాల మధ్య పనిచేసి వచ్చి, ఆ ఫ్యాక్టరీ కన్నా మనింట్లోనే జాగ్రత్త బోర్డులు ఎక్కువంటారు. అననీ.

మేడం చేసిన ఏర్పాట్లలో అన్నిటికన్నా వింతయింది ఎర్త్ గుంట. స్కూలు ల్యాబు వెనక ఒక మూల, భూమిలోకి దిగేసిన గొట్టం, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన గుంట ఉండేది. మోటారుకో ఫ్యానుకో ఎక్కడైనా కరెంటు దారి తప్పితే, మనలోంచి కాకుండా ఆ గొట్టంలోంచి భూమిలోకి పోవడానికి. మట్టి తడిగా ఉంటే పోతుంది, ఎండితే మొరాయిస్తుంది. అందుకని రోజుకొకరు బిందెడు నీళ్ళు పొయ్యాలి. నల్లబల్ల మూల వంతులు రాసి ఉండేవి. సోమవారం మునగచర్ల, మంగళవారం చందర్లపాడు, ఇలా.

పదో తరగతి పరీక్షల ముందు ఒకరోజు నా వంతుకి వెళ్ళి చూస్తే గొట్టానికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. రెండు మందార పూలు కూడా. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. రోజూ నీళ్ళు పోసే దేనికైనా మనవాళ్ళకి దణ్ణం పెట్టబుద్ధవుతుంది. మర్నాటికి అగరొత్తులు వచ్చాయి. హెడ్మాస్టరుగారు అటు వెళుతూ చూసి, చెప్పులు విప్పాలా వద్దా అని ఒక నిమిషం ఆగారు. ఆగి, మేడంని పిలిపించారు. ఆవిడ వచ్చి చూసి, పూలు సర్ది, మాతో ఒకటే అన్నారు. దణ్ణం పెట్టుకోండి, తప్పు లేదు, కానీ నీళ్ళు పోసిన తర్వాతే.

ఇప్పుడు అసలు రోజు గురించి రాయాలి. నిన్న పెరట్లో నాకు గుర్తొచ్చింది ఆ రోజే.

మధ్యాహ్నం పీరియడు. మేడం బల్ల మీద ఏదో వైరు సర్దుతున్నారు. ఇన్సులేషన్ గురించి చెబుతూ చెబుతూ రాగితీగ కొస పట్టుకున్నారు. పట్టుకుని, అమ్మా అని ఒక అరుపు అరిచారు. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. కొప్పు ఊడిపోయింది. టెస్టరు గచ్చు మీద పడి దొర్లింది. తెల్లబడిన జుట్టు ఇంత ఉందా అని, ఆ భయంలో కూడా నాకు అనిపించింది.

క్లాసు మొత్తం లేచింది. అందరికన్నా ముందు నేనే చేరాను. నడుం చుట్టూ చేతులేసి వెనక్కి లాగాను. నా జడ పట్టుకుని పెనుగంచిప్రోలు, దాని వెనక ఇంకొకతె, బల్ల ఎక్కి ఇద్దరు. ఏడుపులు, అరుపులు. పక్క క్లాసులో తెలుగు పద్యం ఆగిపోయింది.

మేడం కొట్టుకోవడం ఆపారు. జుట్టు ముడేసుకున్నారు. వంగి టెస్టరు తీసుకుని గుచ్చుకున్నారు. వైరు రెండో కొస ఎత్తి చూపించారు. అది ఏ ప్లగ్గులోనూ లేదు. తర్వాత సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద 'పోయినవాళ్ళు' అని రాసి, కింద గీత గీసి, ఒక్కొక్క ఊరే రాయడం మొదలుపెట్టారు. మొదట చందర్లపాడు. తర్వాత పెనుగంచిప్రోలు. బల్ల నిండిపోయింది.

"నాతో కలిపి ఇంతమంది. మీ అమ్మలకి ఎవరు చెప్పాలి?"

 ఆవిడ ఆఖరి బెంచీ వైపు చూశారు. ఇంత గొడవలోనూ కంచికచర్ల గోడకి ఆనుకుని నిద్రపోతోంది.

"బతికింది అదొక్కతే. అది కూడా తెలివితో కాదు" అన్నారు.

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వెక్కిళ్ళు ఆగలేదు. లేచి నిలబడి, అట్లా కొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోమంటారా మేడం అని అడిగేశాను. నేను క్లాసులో లేచి అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆవిడ నా దగ్గరికి వచ్చారు. "ఊరుకోమనలేదే. స్విచ్చు దగ్గరికి పరుగెత్తమన్నా. నేనంటే ఇష్టం ఉంటే కాళ్ళల్లో చూపించు, చేతుల్లో కాదు."

తర్వాత మళ్ళీ ఆడించారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆవిడ అరవగానే ఒకరు మెయిన్ దించాలి. ఒకరు బయటికెళ్ళి పెద్దవాళ్ళని పిలవాలి. మెయిన్ అందకపోతే పొడి కర్రతో వైరుని పక్కకి నెట్టాలి, ఏదైనా పొడిదాని మీద నిలబడి. ఒంటిని మాత్రం ముట్టకూడదు. రెండోసారికి కంచికచర్ల నిద్రలేచింది. విషయం సగమే విని, మూలనున్న బూజుకర్ర తీసుకుని, వైరుకని గురిపెట్టి మేడం మోచేతి మీద ఒక్కటిచ్చింది. నెట్టమన్నానే, కొట్టమన్నానా అంటూ ఆవిడ వారం రోజులు ఆ మోచేతికి జండూబామ్ రాసుకున్నారు.

మర్నాడు ఒక పిల్ల తండ్రి వచ్చాడు. పత్తి వ్యాపారం చేసే మనిషి, గొంతు పెద్దది. చదువు చెప్పమంటే చావులు చూపిస్తారా, పిల్ల అన్నం తినలేదు అని వరండాలోనే మొదలుపెట్టాడు. మేమంతా కిటికీల దగ్గర. మేడం ఆయన చెప్పిందంతా విన్నారు. మీ ఇంట్లో మెయిన్ ఎక్కడుందో మీ పిల్లకి తెలుసాండి అని అడిగారు. ఆయన తెలియదన్నాడు. పోనీ మీకు తెలుసాండి అన్నారు. ఆయన చూసొస్తానండి అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ పిల్ల మాత్రం వాళ్ళ మెయిన్ వడ్ల బస్తాల వెనక ఉందనీ, నాన్న బస్తాలన్నీ జరిపించాడనీ చెప్పింది.

ఇంత నేర్చుకున్న దాన్ని, ఆ తర్వాత డిగ్రీలో కూడా ఫిజిక్సే చదివిన దాన్ని, నిన్న ఆ పెరట్లో ఎలా పట్టుబడ్డానో చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మేం జగ్గయ్యపేటలో ఈ ఇంట్లో అద్దెకి దిగి రెండేళ్ళు. ముందు భాగంలో ఇంటావిడ ఉంటారు. నేను పిన్నిగారూ అని, పిల్లలు అమ్మమ్మగారూ అని పిలుస్తాం. మంచి మనిషి. పెరటి బల్బుకి రెండు వైర్లు ఉండాలి కదా, ఒకటి కరెంటు వచ్చేది, ఒకటి తిరిగి వెళ్ళేది. ఆ వెళ్ళే వైరుని ఏనాడో ఎలకలు కొరికేశాయట. కొత్తది లాగడానికి బద్ధకించి, పనివాడెవరో బల్బు రెండో కొసని పక్కనే భూమిలో దిగేసిన ఇనప గొట్టానికి చుట్టేసి పోయాడు. కరెంటు గొట్టంలోంచి భూమిలోకి దిగుతుంది, బల్బు వెలుగుతుంది. మట్టి ఎండితే మందగిస్తుంది. అందుకని పిన్నిగారు రోజూ సాయంత్రం ఆ గొట్టం మొదట్లో చెంబుడు నీళ్ళు పోస్తారు. పొయ్యగానే బల్బు తేరుకుంటుంది. దండెం తీగ ఒక కొస కట్టింది కూడా ఆ గొట్టానికే.

రెండేళ్ళుగా ఆవిడ నీళ్ళు పోయడం చూస్తున్నాను. భక్తి అనుకున్నాను. పసుపు బొట్లు కూడా ఉన్నాయి మరి. స్కూల్లో బిందెలు మోసిన నాకు అది తట్టకపోవడమేమిటో. కానీ అక్కడ దారి తప్పిన కరెంటు కోసం గుంట తవ్వారు. ఇక్కడ దారినే తప్పించి గొట్టంలోకి పంపారు.

పిన్నిగారు వారం రోజులుగా పెనుగంచిప్రోలులో చెల్లెలి మనవరాలి పెళ్ళిలో ఉన్నారు. వారంగా నీళ్ళు లేవు. పైన ఈ ఎండలు. మట్టి గట్టిపడి కరెంటుని లోపలికి రానివ్వలేదు. రానివ్వకపోతే అది ఎక్కడికి పోతుంది? గొట్టం మీద, తీగ మీద, నా బిడ్డ యూనిఫాం మీద కాచుకుని కూర్చుంది, నేలకి దారి చూపించేవాళ్ళు ఎవరొస్తారా అని. చెప్పులున్న నేను సగం దారి. తడి ఒంటితో, వట్టి కాళ్ళతో వచ్చినవాడు పూర్తి దారి.

పిన్నిగారు నిన్న దీపాలు పెట్టే వేళకి ఆటో దిగారు. చేతిలో పెళ్ళి అరిసెల సంచి. గుమ్మంలోనే చెప్పాను. ఆవిడ నా ముఖం చూసి ముందు కూర్చోమన్నారు. తర్వాత కొట్టిపారేశారు. ముప్పై ఏళ్ళ నుంచి ఉందమ్మా ఆ దండెం, ఎవరికీ ఏమీ కాలా, అప్పుడప్పుడూ జుమ్మంటదిలే, ఒంటికి మంచిదంటారు కూడా. ఈ ఆఖరిది ఎవరన్నారో అడగలేదు. నేను కూరగాయల బుట్టలోంచి నా టెస్టరు తీసుకొచ్చాను. పెళ్ళయి వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకున్న వస్తువుల్లో అదొకటి. చెప్పులేసుకుని, పిల్లలిద్దర్నీ వీధి గడప దాటించి, స్విచ్చు వేసి, దండెం తీగకి టెస్టరు ఆనించాను. దాని లోపల ఎర్రగా వెలిగింది.

పిన్నిగారు వంగి చూశారు. "ఆ లైటు నీ టెస్టరుదా, మా తీగదా?"

"తీగదే పిన్నిగారూ."

"ఏదీ, ఇంటి తలుపుకి పెట్టి చూపించు."

పెట్టాను. వెలగలేదు. కిటికీ ఊచకి పెట్టమన్నారు. వెలగలేదు. అరిసెల సంచికి పెట్టమంటారేమో అనుకున్నాను. ఆవిడ మళ్ళీ తీగ దగ్గరికొచ్చి, ఆ ఎర్రదీపాన్ని చాలాసేపు చూశారు. మొన్నటి ఎండాకాలం ఆవిడ మనవరాలు ఇక్కడే పదిరోజులుంది. ఆ దండేనికి చీర కట్టి ఉయ్యాల ఊగింది. అది నాకూ గుర్తొచ్చింది, ఆవిడకీ గుర్తొచ్చింది. 

"తీసెయ్యమ్మా," అన్నారు. "ఇప్పుడే తీసెయ్. రేపటిదాకా వద్దు."

మెయిన్ దించి, ఆ బల్బు వైరు రెండు కొసలూ నేనే విప్పాను. తీగ చుట్ట చుట్టి పాత సామాన్లలో పడేశాం. ఇవాళ కరెంటు పని తెలిసినతను వచ్చి సరైన వైరు లాగి వెళ్ళాడు. దండేనికి నైలాను తాడు కట్టాం. పిన్నిగారు సాయంత్రం చెంబుతో పెరట్లోకి వచ్చి, గొట్టం దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తోచక, నీళ్ళు కరివేపాకు మొక్కకి పోశారు.

మేడంకి చెప్పాలనిపించింది. ఆవిడ ఉండే వీధి ఇక్కడికి దూరం కూడా కాదు. రెండేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు, పిల్లలు, పని, అవీ ఇవీ. నంబరు కోసం నిన్ననే కంచికచర్లకి ఫోన్ చేశాను. అది ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఫ్యాన్సీ షాపు నడుపుతోంది, నిద్ర తగ్గిందట. జరిగిందంతా విని, పిల్లాడెట్లా ఉన్నాడే అని రెండుసార్లు అడిగింది. మేడం నంబరు అడిగాను.

"పోయి ఏడాది దాటింది కదే. జ్వరమొచ్చి. నీకెవరూ చెప్పలా?"

చెప్పలేదన్నాను. అది వెళ్ళి చూసొచ్చిందట. పూలదండ తీసుకెళ్ళిందట. కొప్పులో టెస్టరు ఉంచారా తీసేశారా అని అడగబోయి ఊరుకున్నాను. ఊరుకుంటే అదే అంది, తీసి కిటికీలో పెట్టారే, నాకది చూశాకే ఏడుపొచ్చింది అని.  తర్వాత అది, ఆవిడ మోచేతి మీద కొట్టినందుకు ఎప్పుడూ సారీ చెప్పలేదే అంది. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వి ఫోన్ పెట్టేశాం.

ఫిజిక్సు మేడం అంటే ఎవరైనా చదువు చెప్పిన మనిషి అనుకుంటారు. నాకు మాత్రం, తన కోసం ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన పిల్లల్ని చూసి మురిసిపోకుండా, వాళ్ళ పేర్లు చచ్చినవాళ్ళ జాబితాలో రాసిన మనిషి. అంత ప్రేమ ఒంటి మీదికొస్తే ఎవరికైనా కళ్ళు చెమర్చాలి. ఆవిడ సుద్దముక్క తీసుకున్నారు. అది ఎంత కష్టమో, నా కొడుకు చేతులు చాపి పరుగెత్తుకొచ్చేదాకా నాకు తెలియలేదు.

ఇవాళ పొద్దున పిల్లలిద్దర్నీ వీధి గుమ్మం పక్కకి తీసుకెళ్ళాను. మెయిన్ స్విచ్చు చూపించాను. పెద్దదానికి అందలేదు. వంటింట్లోంచి పొడి చెక్కపీట తెచ్చి దాని కింద వేశాను, ఇక నుంచి ఆ పీట అక్కడే ఉంటుందన్నాను. అది రెండు చేతుల్తో పట్టుకుని కిందికి లాగింది. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్జు గొణుగుడు ఆగింది. తనంత పని చేసినందుకు అది కొంచెం గర్వపడింది.

"అమ్మ ఎప్పుడైనా వైరు పట్టుకుని ఊగిపోతుంటే, అమ్మ దగ్గరికి రాకూడదు. నువ్వు ఇది దించాలి. తమ్ముడు బయటికెళ్ళి అమ్మమ్మగారూ అని గట్టిగా కేకెయ్యాలి" అన్నాను.

చిన్నవాడికి కేకెయ్యడం నచ్చింది. అప్పుడే ఒకటి వేసి చూపించాడు. పిన్నిగారు లోపలినుంచి ఏమైందమ్మా అన్నారు. ఏమీ లేదు, నేర్చుకుంటున్నాం అన్నాను. వాడు మళ్ళీ నా దగ్గరికొచ్చి ముఖంలోకి చూశాడు.

"నువ్వు ఏడుస్తుంటే?"

"ఏడుస్తున్నా రాకూడదు."

"నన్ను పిలిస్తే?"

చేతులు తుడుచుకునే తీరిక లేదు. వాడి కళ్ళు నా కళ్ళలోనే ఉన్నాయి.

"పిలిచినా రాకూడదు నాన్నా. అక్క ఇది దించాక రా. అప్పుడు ఎంతసేపైనా పట్టుకో" అన్నాను.